వేలు పట్టేంత సందు

తలుపు మీద ఎర్ర బల్బు వెలిగి ఎంతసేపయింది, గోడ గడియారం పదకొండుంపావు అంటోంది, నా వాచీ పదకొండూ ఇరవై అంటోంది, రెంటినీ మార్చి మార్చి చూస్తున్నాను, చూసినంత మాత్రాన ముల్లు పరిగెత్తదని తెలుసు, కానీ కళ్ళు ఎక్కడో ఒకచోట నిలవాలి కదా, వదిలేస్తే అవి పోయి పోయి పక్కన కూర్చున్న మనిషి చేతుల మీద పడుతున్నాయి. మోచేతుల దాకా పిండి. రొట్టెల బట్టీలో పిండి పిసుకుతూ ఉండగా ఫోను వెళ్ళింది, చేతులు కడుక్కోవాలని కూడా తోచలేదు, అలాగే బస్సెక్కి వచ్చేశాడు, ఇప్పుడా పిండి ఎండిపోయి పెచ్చులు పెచ్చులుగా రాలి ఇనప బెంచీ చిల్లుల్లోంచి నేల మీద పడుతోంది. లోపల బల్ల మీద ఉన్నది ఆయన భార్య. కార్లు కడిగే షెడ్డులో పనిచేస్తుంది. నా కొట్టూ ఆ షెడ్డూ పక్కపక్కనే, మధ్యలో ఒక్క గోడ. ఆమె తుడిచిన అద్దం అసలు ఉందో లేదో తెలియదు, ఒకసారి ఒక పెద్దమనిషి కిటికీ దించి ఉందనుకుని తల బయట పెట్టబోయి నుదురు బొప్పి కట్టించుకున్నాడు, ఆ రోజు నుంచి ఆమె అందరికీ అద్దాలక్క, ఆమె కంటే పదేళ్ళు పెద్దవాణ్ణి, నాకు కూడా అక్కే. కుడి చెయ్యి. నడిమి వేలు, ఉంగరపు వేలు. లోపలి నరాలు తెగాయేమో చూడాలి, తెగితే కుట్టాలి, గంట పడుతుంది, అని చెప్పి డాక్టరు లోపలికి వెళ్ళాడు. గంట. అందులో పావు వంతు అయినా అయిందో లేదో.

"మీరు లేకపోతే ఏమయ్యేదో అన్నా" అన్నాడు ఆయన. ఇది మూడోసారి అనడం. మొదటిసారి మెట్ల మీద ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకుని అన్నాడు, ఆ పిండి నా మణికట్టుకి అంటుకుంది, దాన్ని గోటితో గీకుతున్నాను ఇందాకట్నుంచీ, పోయింది, అయినా గీకుతూనే ఉన్నాను. మీరు లేకపోతే. నేను లేకపోతే ఆమె ఈపాటికి నాలుగో బండి కడుగుతూ ఉండేది. "ఆ బండికి ముందు రేకు విరిగి పైకి లేచి ఉందట కదా, షెడ్డు ఓనరు ఫోనులో చెప్పాడు. విరిగిన రేకుతో బండి ఇస్తారా అన్నా కడగమని, కనీసం ఓ మాట చెప్పొద్దా?" అని నా మొహంలోకి చూశాడు. నేను తలూపాను. ఆ ఊపిన తల ఇంకా బరువుగా ఉంది మెడ మీద. తల ఊపడం అబద్ధం అవుతుందా, నోటితో ఏమీ అనలేదు కదా, అవుననీ అనలేదు కాదనీ అనలేదు, ఊరికే మెడ ముందుకీ వెనక్కీ కదిలింది, అంతే. లేచి వెళ్ళి మంచినీళ్ళు పట్టుకున్నాను, సగం గ్లాసు తాగాను, మిగతా సగం ఏం చెయ్యాలో తెలియక పట్టుకుని నిలబడ్డాను, మళ్ళీ వచ్చి కూర్చున్నాను. మోకాలు దానంతట అదే ఆడుతోంది. బెంచీ మొత్తం కదులుతోంది. ఆయన నా మోకాలి మీద చెయ్యి వేసి "కంగారు పడకండి అన్నా" అన్నాడు. ఆయన నాకు ధైర్యం చెబుతున్నాడు.

రేకు లేదు. ఆ బండికి ఏ రేకూ విరగలేదు. బండి ముందు చిరుతపులి ఉంది, నోరు తెరిచిన ఇత్తడి చిరుతపులి, నికెల్ పూతతో తళతళలాడుతూ, నేను మూస కట్టి, పోత పోసి, ఆకురాయితో పళ్ళు ఒక్కొక్కటీ దిద్దిన చిరుతపులి. ఆ బండి పళ్ళ డాక్టరుది. మొదటి పులిని చూపించిన రోజున ఆయన భూతద్దం పెట్టి పులి పళ్ళు లెక్కపెట్టి పై వరసలో ఒక దవడపన్ను ఎక్కువుందన్నాడు, ఉంటే ఉండనివ్వండి సార్, అది మీ దగ్గరికి రాదు కదా అన్నాను, ఇద్దరం నవ్వుకున్నాం. ఇదే నా పని. కంపెనీ బిగించి పంపిన ఎంబ్లం పోయినవాళ్ళకీ, ఉన్నదాని మీద మోజు తీరినవాళ్ళకీ, కోరిన బొమ్మ చేసి బండికి బిగించడం. నాన్న తలుపులకి నేమ్ ప్లేట్లు చెక్కేవాడు, ఆటల పోటీలకి కప్పులు చేసేవాడు, మనం చేసిన వస్తువు మీద మన పేరు ఉండదురా, చూసేవాడి కళ్ళలో ఉంటుంది అనేవాడు, ఆ మాట అన్నప్పుడల్లా అమ్మ, చూసేవాడి కళ్ళకి బాకీ వసూలు చెయ్యడం తెలిస్తే బాగుండు అనేది. నాన్న కప్పుల్ని ఎవరూ దొంగిలించలేదు. నా బొమ్మల్ని దొంగిలిస్తారు. అట్టపెట్టెలు కట్టే దారం చాలు, లేదా చేపల గాలానికి కట్టే నైలాను దారం, ఎంబ్లం వెనక దూర్చి రంపంలా అటూ ఇటూ లాగితే అంటించిన టేపు తెగి బొమ్మ చేతిలోకి వస్తుంది, ఒక నిమిషం పని, పార్కింగులో బండి పెట్టి మందుల కొట్టుకి వెళ్ళొచ్చేలోపు అయిపోతుంది. టేపు మానేసి రెండు గొట్టాల జిగురు కలిపి అంటించాను, వేడిగాలి మెషీను పట్టి మెత్తబరిచి తీశారు. వెనక మేకులు పోసి, బానెట్‌కి చిల్లులు పెట్టి, లోపలి నుంచి నట్లు బిగించాను, స్క్రూడ్రైవరు దూర్చి ఎగదన్ని మేకులు విరిచి పట్టుకుపోయారు, బానెట్ కూడా సొట్టపోయింది. పళ్ళ డాక్టరు బండి మీద ఇది నాలుగో పులి, మొన్ననే బిగించాను. మూడో పులి పోయిన రోజు ఆయన నా కొట్టు ముందు నిలబడి, పీకడం నా వృత్తి మేస్త్రీ, వాడెవడో నాకంటే బాగా పీకుతున్నాడు అన్నాడు. తర్వాత నవ్వు ఆపేసి, ఈసారి వాడికి గుర్తుండిపోయేలా ఏదైనా చెయ్యి అన్నాడు. ఏదైనా అంటే ఏంటని నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు.

కానీ డాక్టరు మీదకి నెట్టేసి లాభం లేదు, ఆయన అనకముందే అది నా బుర్రలో ఉంది, దాన్ని అక్కడ పెట్టింది నా బావమరిది. వాళ్ళింట్లో అందరం భోజనాలకి కూర్చున్నాం, ఇరవై మంది దాకా ఉన్నాం, బొమ్మలు పోతున్నాయని నేనేదో చెబుతున్నాను, వాడు ముద్ద నోట్లో పెట్టుకుంటూ, "ఎంబ్లం పోతే మళ్ళీ నీ దగ్గరికే కదా బావా వస్తారు, పోవడం ఎవరికి మంచిదో అందరికీ తెలుసులే" అన్నాడు. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. వాడు సరదాకే అన్నాడు, వాడి మొహం చూస్తే తెలుస్తుంది, కానీ ఆ నవ్వుల్లో మా పిన్ని నవ్వు ఒక్క క్షణం ఆలస్యంగా వచ్చింది, ఆ ఒక్క క్షణం నాకు వారం రోజులు నిద్ర లేకుండా చేసింది. ఆ తర్వాత చూస్తే ఆ మాట వాడొక్కడిదే కాదు, మెకానిక్కుల దగ్గర తిరుగుతోంది, రంగులేసేవాడి దగ్గర తిరుగుతోంది, ఒక ఆడమనిషి నేను చేసిన డేగబొమ్మ రెండోసారి చేయించుకోవడానికి వచ్చి, మీరు పాత డేగనే శుభ్రం చేసి తెచ్చినా నాకభ్యంతరం లేదు అంది, చాలా మర్యాదగా అంది. సెకండ్‌హ్యాండ్ సామాను బజారుకి వెళ్ళి వెతికాను, అక్కడ గుడ్డ పరిచి కూర్చున్నవాడి ముందు నా రెండో పులి ఉంది, నా చేతి గీతలు నాకు తెలియవా, ఇదెక్కడిదని అడిగితే కంపెనీ సరుకు సార్ అన్నాడు, కంపెనీవాడు ఒక పన్ను ఎక్కువ పెట్టాడేమో అడగాలనిపించింది, అడగలేదు, ఇంటికొచ్చి విరిగిన రంపపు బ్లేడు ముక్క ఒకటి తీసుకుని సానరాయి దగ్గర కూర్చున్నాను.

పని చాలా శ్రద్ధగా చేశాను. కోపంతో చేసిన పని మొరటుగా ఉండాలి, ఇది ఎంతో నాజూగ్గా వచ్చింది. బొమ్మకీ బానెట్‌కీ మధ్య కావాలని వేలు పట్టేంత సందు వదిలాను, సందు లేకపోతే దారంతో వస్తారు, సందుంటే వేళ్ళు పెట్టి లాగాలని చూస్తారు, ఆ సందులో పై నుంచి కనిపించకుండా బ్లేడు ముక్కని వెనక్కి తిప్పి అతికించాను. ముందు నుంచి గుడ్డ పెట్టి తుడిస్తే తగలదు. నీళ్ళు కొడితే తగలదు. వెనక్కి వేలు దూర్చి గుంజితేనే తగులుతుంది, అలా గుంజేవాడు దొంగ కాక ఎవడు, అని నాకు నేను చెప్పుకున్నాను. మొదటిది చేసి బల్ల మీద పెడితే మా ఆవిడ దుమ్ము దులపడానికి ఎత్తింది, బొటనవేలు కొసన చిన్న గీత పడింది, రక్తం చీకుతూ వెనక్కి తిప్పి చూసింది, చాలాసేపు చూసింది. "దొంగ చెయ్యి అని చేతి మీద రాసి ఉంటుందా?" అంది. తీసేస్తాలే అన్నాను. నిజంగానే తీసేద్దామనుకున్నాను ఆ పూటకి. తర్వాత ఏడు చేశాను. ఏడింటిలో మొదటిది తీసుకెళ్ళి బావమరిది బండికే బిగించాను, జత చేసిన రెండు అక్షరాలు, వాడిదీ వాడి భార్యదీ, కానుక అన్నాను, వాడు కావలించుకున్నాడు. అందరితోనూ ఒకే మాట చెప్పాను, దీన్ని ముట్టుకున్నవాడికే తెలుస్తుంది అని, నవ్వాను, వాళ్ళూ నవ్వారు, ఏం తెలుస్తుందని ఎవరూ అడగలేదు.

అద్దాలక్క ఆ సందులో వేళ్ళు ఎందుకు పెట్టింది. ఈ ప్రశ్న ఆమెని బండిలో ఎక్కించి తెస్తున్నంతసేపూ నన్ను నేనే అడిగాను, జవాబు నాకు ముందే తెలుసు, గోడకి ఇవతల నుంచి పదేళ్ళుగా ఆమె పని వింటున్నవాణ్ణి. వేరేవాళ్ళు బానెట్ మీద గుడ్డ ఒకసారి అటూ ఒకసారి ఇటూ లాగి పంపేస్తారు, ఈమె ఎంబ్లం వెనక సబ్బు నురగ ఉండిపోతే ఎండాక తెల్ల మరక కారుతుందని, గుడ్డ అంచుని రెండు వేళ్ళకి చుట్టి, సందులో దూర్చి, ఒక్క ఊపున లాగుతుంది. మిగతావాళ్ళలా పని ఎగ్గొట్టే మనిషైతే ఏమయ్యేది కాదు. పొద్దున కేక వినపడలేదు, ఆమె అరవలేదు, నీళ్ళ మోటారు ఆగిపోయింది, అది ఆగకూడని సమయంలో ఆగింది, ఆ నిశ్శబ్దానికి లేచి వెళ్ళాను. బకెట్ పక్కన నేల మీద కూర్చుని కుడి మణికట్టుని ఎడమ చేత్తో పట్టుకుని, "చూడు మేస్త్రీ, వేలు ముడవమంటే ముడుచుకోవట్లేదు" అంది, అదేదో వింత చూపిస్తున్నట్టు. నేను గుడ్డ చుట్టాను. చుట్టి, లేచి, ఇంకో తడిగుడ్డ తీసి పులి మీద కప్పాను. అది ఎందుకు చేశాను. ఇంకొకరికి తగలకూడదనా, ఎవరూ చూడకూడదనా. షెడ్డు ఓనరు పరిగెత్తుకొచ్చి ఏం తగిలింది, రేకా అన్నాడు, ఆయన కళ్ళద్దాలు కూడా పెట్టుకోలేదు, రేకే అయుంటుంది అని ఆయనే అనేసుకున్నాడు. నేను ఆమెని పట్టుకుని నా బండి వైపు నడిపిస్తున్నాను. దారంతా ఆమె కిటికీలోంచి బయటికే చూసింది.

గడియారం పన్నెండుకి ఇరవై అంటోంది. ఆ తడిగుడ్డ ఈపాటికి ఆరిపోయి జారిపడి ఉంటుంది. పళ్ళ డాక్టరు ఒంటిగంటకి బండి కోసం వస్తాడు, వచ్చి పులిని నిమురుతాడు, ఆయనకి అలవాటు. మిగతా ఆరూ ఈ క్షణాన ఎక్కడెక్కడ ఉన్నాయో, ఏ పార్కింగులో, ఏ ఇంటి ముందు, ఎవరెవరు తుడుస్తున్నారో. ఫోను చెయ్యాలి. చేస్తే చెప్పాలి. ఇక్కడ కూర్చుని చేస్తే ఈయన వింటాడు. లేచి మెట్ల దగ్గరికి వెళ్ళి చెయ్యొచ్చు, గొంతు తగ్గించి చెయ్యొచ్చు, ఎంబ్లం చిన్న రిపేరు ఉంది, ముట్టుకోకండి, నేనొచ్చి చూస్తాను అని చెప్పొచ్చు, నట్టు వదులైందనొచ్చు, ఒక్కొక్కటీ పోయి చడీచప్పుడు లేకుండా తీసేయొచ్చు, ఎవరికీ ఏమీ తెలియదు, రేకు రేకుగానే ఉండిపోతుంది. ఎంత బాగా ఆలోచిస్తోంది ఈ బుర్ర. బ్లేడుని దాచిన బుర్ర కదా. ఆయన జేబులోంచి ఫోను తీసి, పిండి వేళ్ళతో తెర నొక్కలేక, చొక్కాకి తుడుచుకుని నొక్కి, ఎవరితోనో, "లోపలే ఉందమ్మా, భయం లేదు, పిల్లలకి అన్నం పెట్టు" అన్నాడు, పెట్టేసి నా వైపు తిరిగి, "మా అమ్మ. రెండు వేళ్ళూ పనిచెయ్యకపోతే ఏం చేస్తుందిరా అని ఏడుస్తోంది" అన్నాడు. పిల్లలకి అన్నం. పిల్లలు. పాప.

చిన్నబడి పాప. వాళ్ళ నాన్న మందుల కంపెనీలో పనిచేస్తాడు. పాప పేరులో మొదటి అక్షరం బండికి పెట్టించుకున్నాడు, కింద పెద్ద తోక ఉన్న అక్షరం, పాప దాని మీద వేలితో దిద్దుకుంటుందని, అక్షరం రావడానికి బడి కంటే బండే ఎక్కువ పనికొచ్చిందని చెప్పాడు. బిగించినప్పుడు దానికి అందేది కాదు, ఎత్తుకుని చూపించేవాడు. మొన్న పెట్రోలు బంకు దగ్గర కలిసి ఎంత మురిపెంగా చెప్పాడని, "పొడుగైంది మేస్త్రీ, ఇప్పుడు మునివేళ్ళ మీద లేచి తోక కింద వేలు దూర్చి గుంజుతోంది, ఊడి రాదు, అద్భుతంగా బిగించావు." నేను ఆ రోజు ఇంటికెళ్ళి అన్నం తిన్నాను. పడుకున్నాను. విన్నాను కదా ఆ మాట, రెండు చెవులతో విన్నాను, రేపు వెళ్ళి తీసేద్దామనుకున్నాను, ఆ రేపు ఎటు పోయింది. చిన్నబడి పన్నెండుకి వదులుతారు. వాళ్ళ నాన్నే వెళ్ళి తీసుకొస్తాడు. పదిహేను నిమిషాలు.

మెట్ల దగ్గరికి వెళ్ళలేదు. వెళ్ళాలని గుర్తు కూడా లేదు. అక్కడే, ఆ బెంచీ మీదే, ఆయన మోచెయ్యి నా మోచేతికి తగులుతుండగానే ఫోను చేశాను. మోగుతోంది, ఎత్తట్లేదు. మళ్ళీ చేశాను. ఎత్తలేదు. మూడోసారి పాప వాళ్ళమ్మ ఎత్తింది, ఆయన ఫోను ఇంట్లో మర్చిపోయి పాపని తేవడానికి వెళ్ళారంది. ఏ బడి అని అడిగాను, బడి నంబరు తీసుకున్నాను, రాసుకోవడానికి కలం లేదు, పక్కనున్నాయనే తన జేబులోంచి రొట్టెల ఆర్డరు కాగితం, పెన్సిలు తీసి ఇచ్చాడు. బడికి చేస్తే ఎవరో టీచరమ్మ, మీరెవరు, పాపకి ఏమవుతారు అంటోంది. "నేను ఎవరూ కానమ్మా. వాళ్ళ నాన్న గేటు దగ్గర ఉంటాడు. పాపని బండి ముందు వైపుకి రానివ్వొద్దని చెప్పండి. ముందు ఆ పని చెయ్యండి, తర్వాత నన్ను తిట్టండి." ఫోను పట్టుకునే ఆవిడ పరిగెత్తినట్టుంది, చెప్పుల చప్పుడు, పిల్లల గోల, ఎవరో ఏడుస్తున్నారు, పాపేనా, కాదు, ఎవరో వేరే పిల్లాడు నీళ్ళ సీసా కోసం ఏడుస్తున్నాడు, చివరికి పాప నాన్న గొంతు. "ఏంటి మేస్త్రీ?"

"పాప ఎక్కడుంది?"

"నా చంకలో ఉంది. ఏమైంది?"

"ఎంబ్లం వెనక బ్లేడు ఉంది. దొంగలకని నేనే పెట్టాను. పదునైన బ్లేడు. పాపని దింపొద్దు, వెనక సీట్లో కూర్చోబెట్టి ఇంటికెళ్ళండి, నేనొచ్చి తీసేస్తాను. ఇవాళ పొద్దున ఒక మనిషి వేళ్ళు తెగాయి."

అవతల పాప ఏదో అడుగుతోంది. తర్వాత ఆయన చాలా మెల్లగా, "నేను నీకు చెప్పాను కదా, అది వేలు దూరుస్తోందని" అన్నాడు. చెప్పారు అన్నాను. పెట్టేశాడు. పక్కన పిండి రాలడం ఆగిపోయింది. నేను అటు తిరగలేదు, గడియారం కేసి చూశాను, పన్నెండు దాటి మూడు నిమిషాలు.

"రేకు కాదన్నమాట" అన్నాడు.

"కాదు."

"తలూపావు కదా."

ఇప్పటిదాకా మీరు అన్నాడు. ఇప్పుడు నువ్వు. అన్నా కూడా పోయింది. ఆ మార్పు చెంప మీద కొట్టినట్టు తగిలింది, నిజంగా కొట్టి ఉంటే తేలిగ్గా ఉండేది, కొడతాడేమోనని కాసేపు ఎదురుచూశాను కూడా. ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, వచ్చి, మళ్ళీ వెళ్ళాడు. బట్టీలో పనిచేసే మనిషి, చేతులు ఇంతింత లావున ఉన్నాయి, ఆ చేతుల్ని ఏం చెయ్యాలో తెలియక వెనక్కి కట్టుకున్నాడు. "ఇంకా ఎన్ని బళ్ళకి ఉంది?" అని అడిగాడు కిటికీ వైపే చూస్తూ. చెప్పాను. "చెయ్యి మరి. కూర్చున్నావేం?"

చేశాను. డ్రైవింగు నేర్పే మాస్టారు పాఠంలో ఉన్నాడు, గుర్రం వెనక బ్లేడుంది సార్ అంటే, "క్లచ్ మెల్లగా వదలమ్మా, ఏంటి, బ్లేడా, క్లచ్ అన్నాను బ్రేకు కాదు" అంటూ బండి రోడ్డు పక్కన ఆపించాడు, తర్వాత తిట్టాడు, ఆ అమ్మాయి ముందరే తిట్టాడు. సంగీత వాయిద్యాల కొట్టాయన తిట్టలేదు, థాంక్స్ అని పెట్టేశాడు, అదే ఎక్కువ గుచ్చుకుంది. లారీల వ్యాపారం చేసే ఆవిడ, ఆ డేగ బొమ్మ ఆవిడే, "మంచి పని చేశావు, ఉండనీ. చెయ్యి తెగితేగానీ బుద్ధి రాదు వెధవలకి" అంది. "తెగింది వెధవ చెయ్యి కాదు మేడం, కార్లు కడిగే ఆమె చెయ్యి" అన్నాను. "మరి చూసుకుని కడగాలి కదా" అంది. నేను ఇంతకు ముందు ఇలాగే మాట్లాడేవాణ్ణా అనిపించింది, సాయంత్రం వచ్చి తీసేస్తున్నాను, మీరు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా తీసేస్తున్నాను అన్నాను. పళ్ళ డాక్టరు, "నేను బ్లేడు పెట్టమనలేదే" అన్నాడు. అనలేదు సార్ అన్నాను. బావమరిదికి చేస్తే ముందు నవ్వాడు, ఆగి, "కానుక అన్నావు కదా బావా" అన్నాడు. వాడి మీద కోపంతోనే అదంతా మొదలైందని చెప్పలేకపోయాను, వేరే రోజు చెబుతాను, చెప్పాలి. ఏడోది మిగిలింది. ఆటల అంపైరుగా చేసి రిటైరైన పెద్దాయన, తెల్ల బండి, ఎద్దు తల బొమ్మ. ఆ నంబరు వాడుకలో లేదంటోంది. మళ్ళీ చేశాను. వాడుకలో లేదు. ఆయన ఇల్లు ఎక్కడో నాకు తెలియదు, ఊళ్ళో తెల్ల బళ్ళు ఎన్ని ఉంటాయి.

బల్బు ఆరిపోయింది. డాక్టరు ముందు వచ్చాడు, భర్త ఎవరు అన్నాడు, ఆయన ముందుకెళ్ళాడు. నడిమి వేలికి ఫరవాలేదు, లోపలి నరం సగమే తెగింది, కుట్టేశాం, ఉంగరపు వేలుది పూర్తిగా తెగిపోయింది, అదీ కుట్టాం, మూణ్ణెల్లు కసరత్తు చేయిస్తే కొంత వస్తుంది, మునుపటిలా పూర్తిగా ముడుచుకోకపోవచ్చు. "బట్ట పిండగలదా?" అని అడిగాడు ఆయన. డాక్టరు చూద్దాం అన్నాడు. ఆ తర్వాత ఆమె బయటికి వచ్చింది, నర్సు భుజం పట్టుకుని, చెయ్యి మోచేతి దాకా తెల్లగా కట్టి మెడకి వేలాడదీసి. బెంచీ మీద కూర్చోబెట్టారు. నేను లేచి నిలబడ్డాను. ఆయన, "ఈయన నీకేదో చెప్పాలట" అన్నాడు.

"తెలుసు" అంది ఆమె. గొంతు మత్తుగా ఉంది. "ఇన్నేళ్ళుగా బళ్ళు కడుగుతున్నా, రేకు ఎక్కడుంటుందో, ఎక్కడుండదో తెలీదా. నువ్వు గుడ్డ చుడుతూ నా చేతికేసి చూళ్ళేదు మేస్త్రీ, ఆ పులికేసి చూశావు. దారంతా ఎదురుచూశాను చెబుతావేమోనని."

నేను చెప్పాను. తెలిసినదే అయినా మొదటి నుంచి చివరి దాకా చెప్పాను, బావమరిది నవ్వు దగ్గర్నుంచి, పాప దాకా, అందరికీ ఫోను చేశానని, అంపైరు గారి బండి ఒక్కటే దొరకట్లేదని. ఆమె కళ్ళు మూసుకుని వింది. నిద్రపోయిందేమో అనుకున్నాను. "ఎద్దు తలదా? తెల్ల బండి?" అంది కళ్ళు తెరవకుండానే. "అది ఆయన అమ్మేశాడు. పూలకొట్టావిడ ఈ వారమే కొనుక్కుంది, ఇక్కడికి రెండు వీధులు. గురువారం గురువారం కడగమని నాకే చెప్పింది." ఆగింది. "రేపు గురువారం."

ఆయన ఒక్కసారి మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. ఆమె కళ్ళు తెరిచి నా వైపు చూసింది. "వెళ్ళు. తీసేశానని వచ్చి చెప్పకు, నువ్వు చెప్తే ఇక నేను నమ్మను. ఆ ముక్క పట్టుకొచ్చి చూపించు."

మెట్లు ఎలా దిగానో తెలియదు, బండి తియ్యలేదు, నడిచాను, నడవలేదు, పరిగెత్తాను, ఈ వయసులో పరిగెత్తే మనిషిని చూసి ఒకరిద్దరు వెనక ఎవరైనా తరుముతున్నారేమోనని చూశారు. జేబులో ఎప్పుడూ ఉండే చిన్న పానా ఉంది. పూలకొట్టు ముందు తెల్ల బండి, ఎద్దు తల మీద దుమ్ము లేదు, అప్పుడే తడిగుడ్డ పెట్టినట్టుంది. పూలకొట్టావిడ కాడలు కత్తిరిస్తోంది, బానెట్ తెరవమ్మా అంటే ఎందుకంది, చెప్పాను, ఇవాళ ఎన్నోసారి చెప్పడమో, చెప్పిన ప్రతిసారీ కొంచెం పొట్టిగా చెబుతున్నాను, ఈసారి రెండే మాటలు, దీని వెనక బ్లేడుంది, పెట్టింది నేను. ఆవిడ కత్తెర పక్కన పెట్టి, తన వేళ్ళని ఒకసారి చూసుకుని, తాళం తెచ్చింది. నట్లు రెండూ సులువుగానే వచ్చాయి. ఎద్దు తల చేతిలోకి వచ్చింది. వెనక్కి తిప్పితే నా పని, అతుకు ఎక్కడా కనపడకుండా, ఎంత చక్కగా ఉంది. పానాతో పట్టి విరిచాను. పూలు కట్టే కాగితం ఒకటి అడిగి అందులో చుట్టాను.

తిరిగి వెళ్ళేసరికి ఆమె అలాగే కూర్చుని ఉంది, ఆయన పిండి చేతులు కడుక్కుని వచ్చి పక్కన కూర్చుని నీళ్ళు తాగిస్తున్నాడు. కాగితం విప్పాను. ఆమె ఎడమ చెయ్యి చాచింది.

"చూసుకుని పట్టుకో అక్కా, పదునుంది" అన్నాను.

"ఈ మాట నీ నోట ఇప్పుడే వింటున్నాను" అంది, తీసుకుంది.